వెనక కాదు, వెన్ను

రెండో విల్లు కూడా విరిగిందని ఫోన్లో చెప్పడానికి కృపాజ్యోతికి మాట పెగల్లేదు.

ఇంకెవరి చేతిలోనో విరిగితే వాళ్ల మీదికి నెట్టెయ్యొచ్చు. ఇది చేవెళ్ళకు ఇవతల వాళ్ల ఊళ్లో, ఇంటి పక్క రేకుల షెడ్డులో, ఆమె కళ్ల ముందే విరిగింది. గోడకు దిగ్గొట్టిన కొయ్య మీద విల్లు పిడిని ఆనించి, నారికి కట్టిన తాడును కప్పీ మీదుగా కొంచెం కొంచెంగా లాగుతూ, వంపు రెండు పక్కలా సమానంగా వస్తున్నదా లేదా అని చూసుకుంటోంది. ఇరవై అంగుళాల దాకా విల్లు బుద్ధిగా వంగింది. ఇరవై రెండు దగ్గర ఎక్కడో టిక్కుమంది. తాడు వదిలేలోపే ఫటేలున పగిలి, ఒక ముక్క ఎగిరి పైరేకుకు కొట్టుకుని కింద పడింది. వాకిట్లో బియ్యం చెరుగుతున్న తల్లి ధనమ్మ ఏమైందని కూడా అడగలేదు. మొదటి విల్లు విరిగిన రోజు అడిగింది. రెండోసారికి ఆమెకు ఆ చప్పుడు తెలిసిపోయింది.

కృపాజ్యోతి మొయినాబాదులో ఒక ఇంజనీరింగు కాలేజీలో వర్క్‌షాపు అటెండరు. పదహారేళ్లుగా అటెండరే. ఏ ఉలికి ఎంత పదునుండాలో, ఏ కట్టెకు రందా ఎటునుంచి పట్టాలో ఆమెకు తెలిసినంతగా ఆ కాలేజీలో ఇంకొకరికి తెలియదు. కాకపోతే తెలుసునని రాసి ఉన్న కాగితం ఇంకొకరి దగ్గర ఉంటుంది. ఏటా పిల్లల ప్రాజెక్టులకు వంతెనలు, గాలిమరలు, మడత కుర్చీలు చేసిపెడుతుంది. వాటికి బహుమతులొస్తాయి. ఫొటోలో విద్యార్థులుంటారు, సార్లుంటారు, వెనకాల బల్ల తుడుస్తూ ఆమె సగం కనబడుతుంది. దాని గురించి ఆమెకు ఫికర్ లేదని అందరూ అనుకుంటారు. శ్రీయ వచ్చి ఆ ఒక్క మాట అనేదాకా ఆమె కూడా అదే అనుకుంది.

శ్రీయ గండిపేట అమ్మాయి. వారమంతా సాఫ్ట్‌వేర్ కొలువు, శనాదివారాలు మాత్రం మొయినాబాదు పక్కన తండ్రి భావనారాయణ ఫామ్‌హౌసులో పన్నెండు మంది పిల్లలకు విలువిద్య నేర్పుతుంది. ఫైబరు విల్లుతో మొదలుపెట్టిన పిల్లలకు విల్లంటే ఏమిటో ఎప్పటికీ తెలియదని ఆమె పట్టుదల. కట్టెతో చేసేవాళ్ల కోసం వెతుకుతుంటే కాలేజీ మెట్ల దగ్గర ఒక మడత కుర్చీ కంటబడింది. దాన్ని పట్టుకుని, చేసినవాళ్లెవరని నలుగురిని అడిగి, చివరికి వర్క్‌షాపులో చీపురు పట్టుకుని ఉన్న కృపాజ్యోతి ముందు నిలబడింది. కొలతలన్నీ మాట్లాడుకున్నాక, పోతూ పోతూ అంది: "విల్లు చేసినవాళ్లు పిడి దగ్గర వాళ్ల పేరు రాస్తారక్కా. అది పద్ధతి."

ఆ రాత్రి అన్నం తింటూ కృపాజ్యోతి ఆ మాట తల్లికి రెండుసార్లు చెప్పింది. చెప్పిన సంగతే మళ్లీ చెపుతున్నదని తెలిసి కూడా చెప్పింది.

భావనారాయణ చెడ్డవాడేం కాదు. పిల్లల ముఖాల దగ్గర విల్లు పగిలితే ఎవరిది పూచీ అన్నది ఆయన బెంగ. అందుకని ఒక మాట పెట్టాడు. ఒక్క విల్లు చేసి చూపించాలి, అది వరసగా వంద బాణాలకు తట్టుకోవాలి. తట్టుకుంటే పన్నెండు మందికీ కట్టె విళ్లే, అవి కృపాజ్యోతే చేస్తుంది. లేదంటే ఫైబరువి తెప్పిస్తారు. దానికి ఆయన ఇచ్చిన గడువు ఇంకా రెండు వారాలుంది, కట్టె మాత్రం ఒక్క ముక్క మిగిలింది.

ఆ కట్టె కూడా అట్లాంటిట్లాంటిది కాదు. తండ్రి స్వామిదాసు మిషను బడిలో వడ్రంగం నేర్చుకున్న మనిషి. ఆయన పోయాక అటక మీద మిగిలిపోయిన పాత నాగలి నొగ, నల్లతుమ్మది. నలభై ఏళ్లు ఎండి ఇనుములా మోగుతుంది. దాన్ని మరలో కోయిస్తే మూడు బద్దలొచ్చాయి. అయితే మరకు కట్టె మనసు తెలియదు, గీత గీసినట్టు కోసేస్తుంది. లోపలి పొరలు అక్కడక్కడా తెగిపోతాయి. పొర తెగిన చోట కట్టె విచ్చుకుంటుంది. అందుకే విల్లుకు ఒక పక్క ఏదైనా పట్టీ అతికించాలని శ్రీయ చెప్పింది. చెప్పడమే కాదు, కాగితం మీద బొమ్మ గీసి, కింద గీత పెట్టి రాసిచ్చింది: "బ్యాకింగ్ వెనక వైపు అతికించాలి."

కృపాజ్యోతి అట్లాగే చేసింది. మొదటిదానికి వెనక వైపు జనపనార, రెండోదానికి వెనక వైపు పట్టు. పట్టు అయితే చేవెళ్ళలో పురుగులు పెంచే రైతు దగ్గరికి తనే పోయి, రంగు వెయ్యని లడీ తెచ్చుకుంది. పట్టు అనగానే భావనారాయణ తెగ మెచ్చుకున్నాడట, మడికి కూడా పనికొచ్చే సరుకని. మడికి పనికొచ్చిందో లేదో గానీ విల్లుకు మాత్రం అక్కరకు రాలేదు.

ఫోనెత్తిన శ్రీయ మీటింగులో ఉంది. సంగతి విని, ఇంకేదైనా పట్టీ చూద్దామక్కా అని, తర్వాత వాయిస్ మెసేజి పంపింది. వెదురు బద్ద, తోలు, జంతువుల నరం, ఇట్లా నాలుగైదు పేర్లు చెప్పింది. గొంతులో మునుపటి హుషారు లేదు.

*

పొయ్యిలోకి పనికొస్తాయని విరిగిన ముక్కలు ఏరుకోవడానికి ధనమ్మ షెడ్డులోకి వచ్చింది.

ధనమ్మకు డెబ్భై దగ్గర పడుతున్నాయి. ఆమె నడుము పదేళ్ల కిందటే వంగిపోయింది. నిలబడ్డా, నడిచినా నాట్లేస్తున్నట్టే ఉంటుంది. ఎదుటివాళ్ల ముఖం చూడాలంటే మెడ పక్కకు తిప్పి చూస్తుంది. అయినా పొద్దున్నే ఆటోలో మిగతా ఆడవాళ్లతో గులాబీ తోటలకు కలుపు తీయడానికి పోతుంది. కూలి మనుషులను కూర్చే పద్మమ్మ రోజూ సాయంత్రం ఫోన్ చేస్తుంది. "రేపు వస్తవా అవ్వా" అని ఆమె అడగడం, "వస్త" అని ధనమ్మ పెట్టెయ్యడం. ఎందుకమ్మా, ఇంట్లో ఉండరాదా అని కూతురు ఎన్నోసార్లు అంది. అలవాటైన పాణం, కూసుంటే తోచదంటుంది ధనమ్మ. ఆ మాట విని విని కృపాజ్యోతి కూడా అడగడం మానేసింది.

ధనమ్మ ముక్కలను పొయ్యికి తీసుకుపోలేదు. కింద కూర్చుని రెండింటినీ విరిగిన చోట కలిపి పట్టుకుంది. పట్టు అంటించిన వైపు వేలితో నిమిరింది. తిప్పి రెండో వైపు నిమిరింది. అక్కడ చీలికలు లేచి వేలికి గుచ్చుకున్నాయి.

"పట్టీ మంచిగనే ఉన్నది గదనే," అంది. "పగిలింది గీ దిక్కు."

కృపాజ్యోతి విసుక్కుంది. పట్టీ వెనక వైపు పెట్టమన్నారని, విల్లు పట్టుకుంటే మన దిక్కున్నది వెనక అని, బాణం పొయ్యే దిక్కు ముందని చెప్పింది. చిన్న పిల్లలక్కూడా తెలిసిన సంగతి. ధనమ్మ వినింది, కానీ ముక్కలు వదల్లేదు.

"వెనక అన్నదా, వెన్ను అన్నదా ఆ పిల్ల?"

"ఆమె ఇంగ్లీషుల ఆలోచిస్తది. బ్యాక్ అంటరు వాళ్లు."

"బ్యాక్ అంటె?"

"వెనక." కృపాజ్యోతి ఆగిపోయింది. "వెన్ను గూడ."

ధనమ్మ ముక్కలు పక్కన పెట్టి లేచింది. లేచినా ఆమె వంగే ఉంది. అట్లాగే చెయ్యి వెనక్కి పోనిచ్చి నడుము మీద వేసుకుంది. "నన్ను చూడు. మనిషి వంగితే కడుపు ముడుచుకుంటది, వెన్ను సాగుతది. పొద్దంత కలుపు తీసి వస్తె మాపటికి పట్టేది యాడ? ఎన్నడన్న కడుపు పట్టిందన్ననా నీతోని? కట్టె గూడ గంతే. దాని కడుపుకు కట్టు కట్టి వెన్ను ఇడిసిపెట్టినవు."

కృపాజ్యోతి మూలనున్న సన్నటి వెదురు బద్ద తీసి రెండు చేతులతో వంచింది. ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. తన వైపున్న భాగం దగ్గరికి నొక్కుకుంటోంది, అవతలి భాగం సాగుతోంది. సాగేచోటే తెగుతుంది. ఎంత తేలిక సంగతి. కట్టెకు కడుపూ వెన్నూ ఉంటాయని, పదహారేళ్లు కట్టెతో బతికిన తనకు తోచలేదు. బడి గడప తొక్కని తల్లి తన ఒంట్లోంచి చదివి చెప్పింది. కృపాజ్యోతికి సిగ్గేసింది.

శ్రీయకు ఫోన్ చేసి చెప్తే, అయ్యో నేను వెనక అని రాశానా, విల్లుకు బ్యాక్ అంటే గురి వైపుండే వెన్ను కదా అని ఆ పిల్ల నెత్తి కొట్టుకుంది. తప్పు నాదక్కా, కట్టెదీ కాదు, పట్టుదీ కాదు అంది. కానీ జరిగింది జరిగింది. మిగిలిన బద్ద మూడింటిలోకీ బలహీనమైనది, నడిమికి కొంచెం పైన చిటికెనవేలంత ముడి ఉంది. ఆ ముడి దగ్గర పొరలన్నీ మెలిపడి ఉన్నాయి. ఏది అంటిస్తే అది నిలుస్తుందో చెప్పగలిగినవాళ్లు లేరు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక కృపాజ్యోతి అన్నిటినీ బల్ల మీద వరసగా పేర్చింది. జనపనార, పట్టు లడీ, గీరిన వెదురు బద్ద, చెప్పులు కుట్టే దుకాణంలో అడిగి తెచ్చిన తోలు. తల్లిని పిలిచి స్టూలు వేసింది. ఇంతకాలం ఈ పనిలో తల్లిని ఒక్క మాటా అడగలేదు కాబట్టి, పిలవడానికి కొంచెం మొహమాటపడింది కూడా.

ధనమ్మ ఒక్కోటి చేతిలోకి తీసుకుంది. తడిపింది, లాగింది, పంటితో పట్టి చూసింది. జనపనార నీళ్లు తాగి ఉబ్బుతుందని పక్కన పెట్టింది. వెదురును మెచ్చుకుంది గానీ, ముడి ఉన్న కట్టెకు అది మరీ గట్టిదట. ఆ రెండూ కొట్లాడితే వెదురే గెలుస్తుంది, కట్టె కడుపు చితికిపోతుంది. పట్టు దగ్గర చాలాసేపు ఆగింది. "ఇది మంచిది. పగలకుంట కాస్తది. కానీ గుంజదు," అంది. తోలును మాత్రం చూస్తూనే వదిలేసింది.

"గిది లందల ఊరిన తోలు. ఊరినంక తోలుకు సాగుడే ఎరుక, పట్టుకునుడు మరుస్తది."

లంద. తోలు ఊరబెట్టే తొట్టి. ఆ మాట తల్లి నోట కృపాజ్యోతి పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఊళ్లో వేరేవాళ్లు తిట్టుగా అనగా విన్నది, అంతే. నీకెట్లా తెలుసని అడిగితే ధనమ్మ జనపనార పోగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తర్వాత తేలిగ్గా చెప్పేసింది.

"మా నాయిన లంద కాడ ఏడేండ్లప్పటి సంది కూసున్న. మోటబొక్కెనలు కుట్టనీకి నరం దంచి పోగులు తీసేది నేనే. బడిల నిన్నెవరన్న అంటరని మీ బాపు చెప్పొద్దన్నడు. నేను చెప్పలే." వేలికున్న పోగు విప్పి పక్కన పెట్టింది. "వెన్నుకు వెన్ను నరమే పట్టాలె బిడ్డా. దున్నపోతుకు వీపు పొడుగుత ఉంటది, తెల్లగ. గుంజేది అదొక్కటే."

జంతువు నరమంటే భావనారాయణ ఒప్పుకుంటాడా అని కృపాజ్యోతికి గుబులు పట్టుకుంది. దాచిపెట్టి చెయ్యడం ఇష్టం లేక శ్రీయకు ఉన్నదున్నట్టు చెప్పింది. మర్నాటికి కబురొచ్చింది. ఆయన మొదట ముఖం చిట్లించాడట. పట్టు మాత్రం చెట్టుకు కాస్తుందా నాన్నా, పురుగులను ఉడకబెడితేనే కదా అని కూతురు అడిగితే, గొంతు సవరించుకుని, విల్లు సంగతి విల్లు చేసేవాళ్లకు వదిలేద్దాం అన్నాడట.

*

మొయినాబాదు కసాయి దుకాణంలో ధనమ్మ అడిగింది మొదట ఆ దుకాణమాయనకు అర్థం కాలేదు. అది కూరకు పనికిరాదవ్వా, మేం పారేస్తం అన్నాడు. నువ్వు పారేసేదే నాకు కావాలె అంది ధనమ్మ. ఆయన నవ్వి, కత్తి మొన ఎక్కడ పెట్టాలో ఆమె వేలితో చూపిస్తుంటే, వీపు పొడవునా రెండు తెల్లటి పట్టీలు ఒలిచిచ్చాడు. మూరెడు పైన పొడవు, మూడు వేళ్ల వెడల్పు. చేతిలో జారిపోతూ, వెలుగులో మెరుస్తూ ఉన్నాయి. ఆరుగురు మనుషులు లాగినా తెగదని ధనమ్మ అంటే దుకాణమాయన నమ్మలేదు. ఇద్దరు లాగి చూసి ఊరుకున్నారు.

మాంసం పీలిక లేకుండా మొద్దుకత్తితో గీరి నీడకు ఆరబెట్టారు. ఎండాకాలం కాబట్టి మూడో నాటికి పసుపుపచ్చగా, కొమ్ములా గట్టిపడ్డాయి. అప్పుడు మొదలైంది అసలు పని. నున్నటి బండ మీద పెట్టి కొయ్యసుత్తితో దంచాలి. కృపాజ్యోతి రెండు దెబ్బలు వేయగానే తల్లి సుత్తి లాక్కుంది. గట్టిగ కొడితే తెగుతది, బుజ్జగించినట్టు కొట్టాలె అని తను దంచి చూపించింది. కింద కూర్చుని పనిచేస్తుంటే ఆమె వంపు తెలియడం లేదు. దంచే కొద్దీ ఆ గట్టి పట్టీ తెల్లబడింది, పగుళ్లు బారింది, విచ్చుకుంది. ధనమ్మ గోళ్లతో పట్టి చీల్చితే పోగులు పోగులుగా ఊడివచ్చింది. వెంట్రుకంత సన్నం, కాని కృపాజ్యోతి ఒక్క పోగు వేళ్లకు చుట్టి లాగితే వేలు తెగేలా ఉంది గానీ పోగు తెగలేదు.

ఒక జంతువు బతికినన్నాళ్లూ ఇది దాని వీపులో కనబడకుండా ఉందన్నమాట. బండి లాగితే ఇదే లాగింది, బురదలో మోకాళ్లు దిగబడితే ఇదే పైకి లేపింది. కృపాజ్యోతి ఆ పోగును, దీపాన్ని పురుగు చూసినట్టు, చాలాసేపు చూసింది. ప్రార్థనలో కూడా ఆమెకు ఎప్పుడోగానీ అంత నిశ్శబ్దం దొరకదు.

జిగురుకు కాలేజీలో వాడే తెల్ల జిగురు వద్దంది ధనమ్మ. స్వామిదాసు సరేసు గిన్నె అటక మీద ఇంకా ఉంది. తోళ్ల తుక్కు ఉడకబెట్టి తీసే పాతకాలం జిగురు అది, వేడి నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించుకోవాలి. ఇల్లంతా ఆ వాసన కమ్ముకుంటే పక్కింటివాళ్లు తొంగిచూశారు. ధనమ్మ పోగుల కుచ్చును నోట్లో పెట్టుకుని ఉమ్మితో తడిపి తీసి అందించేది. మొదటిసారి కృపాజ్యోతి చెయ్యి వెనక్కి తీసుకుంది. రెండోసారి నుంచి తీసుకోలేదు. తడి పోగులను సరేసులో ముంచి, వేళ్లతో పిండి, విల్లు వెన్ను మీద పొడవునా పరిచింది. ఒక కుచ్చు చివర ఇంకో కుచ్చు నడిమికి వచ్చేలా, గడ్డి కప్పు వేసినట్టు ఒకదాని మీదొకటి. ముడి దగ్గరికి వచ్చేసరికి తల్లి తనే వంగి, ఆ చోట రెండు పొరలు అదనంగా పరిచి అరచేత్తో అదిమింది. ఆ పని అయ్యేసరికి ఇద్దరి చేతులూ మోచేతుల దాకా బంకబంకగా ఉన్నాయి.

ఇక ఆరాలి. నీడలో, గాలిలో, ముట్టుకోకుండా. కృపాజ్యోతి కాలేజీ నుంచి రాగానే షెడ్డు తలుపు తీసి చూసి మళ్లీ వేసేది. ఐదో రోజు చూసేసరికి విల్లు వంగిపోయింది. నారి ఎక్కించలేదు, ఎవరూ తాకలేదు, అయినా తిన్నగా పెట్టిన బద్ద రెండు కొసలూ లేచి వంపు తిరిగింది. అది కూడా తిరగాల్సిన దిక్కు కాదు, వెన్ను వైపు, ఎదురు వంపు. పాడైపోయిందనుకుంది. బిగింపు పట్టి మళ్లీ తిన్నగా చేద్దామని కొయ్యముక్కలు తెచ్చింది.

ధనమ్మ అడ్డం పడింది. కొసను ఒక్క వేలితో తాకి, ఆ వేలు అక్కడే ఉంచుకుని నిలబడింది. "చూసినవా. తడి ఆరంగనే ముడుచుకుంటున్నది. కట్టెను ఎట్ల గుంజుతున్నదో చూడు. చచ్చిపోయి ఎన్నొద్దులాయె, ఇంక పని ఇడువలే."

శ్రీయకు ఫొటో పంపితే, అట్లాగే వదిలెయ్యక్కా, నరం వేసిన విల్లు అట్లాగే అవ్వాలి, ఇన్నాళ్లూ పుస్తకాల్లో చదివాను గానీ చూడలేదు అని రాసింది. రోజుకో వెంట్రుకవాసి చొప్పున విల్లు వెన్ను వైపు లేస్తూ ఉంది. ఎవరూ చెయ్యి వెయ్యకుండా, చప్పుడు లేకుండా. నలభై ఏళ్లు కదలని తుమ్మకట్టెను ఆ సన్నటి పోగులు తమ వైపు తిప్పుకోవడం కృపాజ్యోతి తలుపు సందులోంచి చూసేది. రోజూ సాయంత్రం అదే వేళకు పద్మమ్మ ఫోన్ వచ్చేది. ధనమ్మ "వస్త" అనేది.

*

శనివారం పొద్దున విల్లును స్వామిదాసు పాత ధోవతిలో చుట్టుకుని బస్సెక్కారు. తల్లిని తప్పకుండా తీసుకురమ్మని శ్రీయ మరీ మరీ చెప్పింది. ధనమ్మ ఆ ఒక్క రోజుకు తోట మానుకుంది.

ఫామ్‌హౌసు లాన్ చివర గడ్డిమోపు గురి పెట్టారు. భావనారాయణ పిల్లలను దూరంగా నిలబెట్టి, తను కుర్చీలో కూర్చోకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వేపచెట్టు కింద ధనమ్మకు కుర్చీ వేస్తే ఆమె కుర్చీ వద్దని కింద కూర్చుంది. శ్రీయ మోకాలు ఆనించి నారి ఎక్కించింది. వెన్ను వైపు లేచి ఉన్న విల్లును ఇటు తిప్పుకుని వంచడానికి ఆమె ముఖం ఎర్రబడింది.

మొదటి బాణానికి కృపాజ్యోతి కళ్లు మూసుకుంది. ఇరవై రెండు అంగుళాల దగ్గర వినబడే టిక్కు కోసం ఆమె చెవులు కాచుకుని ఉన్నాయి. వినబడలేదు. ఇరవై ఎనిమిది దాకా పోయింది నారి. బాణం వదిలిన చప్పుడు వేరు, పగిలిన చప్పుడు వేరు. ఆ తేడా తెలిసేసరికి బాణం గడ్డిమోపులో ఈకల దాకా దిగి ఉంది. శ్రీయ విల్లు దించి దాని వంక చూసింది. రెండో బాణం తీసుకుంది.

ముప్పై ఏడో బాణానికి సన్నగా ఒక చప్పుడైంది. శ్రీయ ఆగింది. కృపాజ్యోతి పరుగున పోయి ముడి దగ్గర వేళ్లతో తడిమింది. నరం మీద జిగురు వెంట్రుకంత పగులు బారింది, అంతే. కింద పోగులు బిగుసుకునే ఉన్నాయి. కానివ్వండి మేడం అని వెనక్కి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. అరవై, డెబ్భై, ఎనభై. పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. తొంభై దాటాక భావనారాయణ కట్టిన చేతులు విప్పాడు. వందోది గురికి తగల్లేదు, శ్రీయ చెయ్యి అలసిపోయి వణికింది. విల్లు మాత్రం వణకలేదు.

భావనారాయణ దగ్గరికొచ్చి విల్లును అందుకుని, కాసేపు తటపటాయించి, నరం పరిచిన వెన్ను మీద బొటనవేలితో నిమిరాడు. ఇది ఎవరు చేశారని అడిగాడు. మా అమ్మ, నేను అంది కృపాజ్యోతి. ఆయన ధనమ్మ వైపు తిరిగి తల వంచాడు. మిగతా పదకొండూ మొదలుపెట్టండమ్మా అన్నాడు.

శ్రీయ సంచిలోంచి నల్లసిరా పెన్ను తీసి ఇచ్చింది. పిడి దగ్గర, విలుకాడి కంటికి ఆనే చోట కృపాజ్యోతి తన పేరు రాసింది. కట్టె మీద పెన్ను జారి 'జ్యో' కొంచెం వంకరపోయింది. పదహారేళ్లలో తను చేసిన వస్తువు మీద తన పేరు ఉండటం అదే మొదటిసారి. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆపుకోలేదు.

ధనమ్మ మాత్రం పేరు చూడటం లేదు. శ్రీయ విల్లును మళ్లీ మోకాలికి ఆనించి నారి దించుతుంటే అది చూస్తోంది. నారి ఊడగానే విల్లు ఒళ్లు విరుచుకున్నట్టు తిన్నగా లేచి, ఇంకా కొంచెం వెన్ను వైపు పోయి ఆగింది. మళ్లీ ఎందుకు విప్పినవు బిడ్డా అని అడిగింది ధనమ్మ.

"పనైపోగానే దించెయ్యాలి అమ్మమ్మగారూ," అంది శ్రీయ. "ఎక్కించి అట్లాగే వదిలేస్తే వంగిపోయే ఉండిపోతుంది. తర్వాత దించినా ఇంక తిన్నగా రాదు."

"ఎన్నొద్దులకు గట్లయితది?"

"ఎన్ని రోజులో ఎందుకు, అట్లా వదిలేస్తే కొన్ని రాత్రులు చాలు."

ధనమ్మ విల్లును ఒళ్లోకి తీసుకుంది. కొస నుంచి కొస దాకా చెయ్యి పోనిచ్చింది. మెడ పక్కకు తిప్పి శ్రీయ ముఖంలోకి చూసి, ఎండ ఎక్కువున్నది అన్నంత మామూలుగా అంది.

"మాకు ఎవ్వరు దించలే బిడ్డా."

శ్రీయకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. కృపాజ్యోతికి ఆ క్షణం కూడా పట్టలేదు. మూడు వారాలుగా తను ఒక కట్టె వంపు వెంట్రుకవాసి తేడా కొలుస్తూ కూర్చుంది. అదే ఇంట్లో, అదే వాకిట్లో పదేళ్లుగా తిరుగుతున్న వంపును ఒక్కసారి కూడా అట్లా చూడలేదు. అలవాటైన పాణం అంటే నమ్మింది. నమ్మడం తేలిక కాబట్టి నమ్మింది.

విల్లు అక్కడే ఉండిపోయింది. ఖాళీ ధోవతి మడిచి చంకలో పెట్టుకుని ఇద్దరూ చేవెళ్ళ బస్సెక్కారు. మధ్యాహ్నం వేళ కాబట్టి సీటు దొరికింది. మొయినాబాదు దుకాణాలు దాటుతుండగా, ఎప్పటికన్నా ముందుగానే, ధనమ్మ కొంగుముడిలో ఫోన్ మోగింది. ఆమె తీసేలోపు కృపాజ్యోతి అందుకుంది.

రేపొద్దున గులాబీతోటకు పదిమంది కావాలని, అవ్వను ఐదింటికే తయారుగా ఉండమనమని అంటోంది పద్మమ్మ.

"అమ్మ రాదు పద్మక్కా."

పాణం బాగలేదా, మరి ఎల్లుండి వస్తదా అని అడిగింది ఆమె.

"ఎల్లుండి గూడ రాదు. ఇగ రాదు. ఆమె పని అయిపోయింది."

ఫోన్ పెట్టేసి, తల్లి ఏదో అంటుందని ఎదురుచూసింది. ధనమ్మ ఫోన్ కోసం సగం చాచిన చెయ్యి మెల్లగా ఒళ్లో పెట్టుకుంది. కిటికీలోంచి వెనక్కి పోతున్న తోటలను చూస్తూ కూర్చుంది. తర్వాత సీటుకు ఆనుకోవాలని చూసింది. తల ఆనలేదు, భుజాలు ఆనలేదు. ఆమె వీపుకూ సీటుకూ మధ్య జానెడు ఖాళీ మిగిలింది.

కృపాజ్యోతి చంకలోంచి ధోవతి తీసింది. రెండు మడతలు వేసి చూసింది, చాలదనిపించింది. నాలుగు మడతలు వేసి, తల్లి వెన్ను వెనక ఆ ఖాళీలో పెట్టి, మెత్తగా ఉన్నదో లేదో అరచేత్తో అదిమి చూసింది. ఇంకొంచెం పైకి జరుపు అంది ధనమ్మ. ఆమె జరిపింది.